సగం ధరకు తెగిన బడి

నేనొక బడిని సగం ధరకు కొన్నాను. దిల్‌సుఖ్‌నగర్ బజార్లో పట్టుచీర సగం ధరకు కొన్నవాళ్లున్నారు. ఎల్బీ నగర్‌లో ప్లాటు సగం ధరకు కొని ఇవాళ కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాళ్లూ ఉన్నారు. కానీ హమాలీల పిల్లలు చదువుకునే సాయంత్రపు బడిని, నల్లబల్లతో సహా, ముప్పావు గంటలో, ఒక్క చాయ్ మీద, నెలకు పన్నెండు వేల నుంచి ఆరు వేలకు దింపిన మొనగాణ్ని నాకు తెలిసి నేనొక్కణ్నే. డబ్బు నాది కాదు, అది వేరే సంగతి. నా జీవితంలో చేసిన చెత్త పనుల్లో దీన్ని మించింది లేదు. అయినా నిజం చెప్పొద్దూ, ఆ బేరం ఎంత నున్నగా సాగిందో తలచుకుంటే ఇప్పటికీ చెయ్యి మీసం మీదికి పోతుంది.

మొన్న కొట్టు అటక సర్దుతుంటే పాత పేపరులో చుట్టిన స్టీలు గ్లాసొకటి దొరికింది. దాని మీద మిషన్‌తో చెక్కిన పేరు సగం దాకా వచ్చి ఆగిపోయింది. మా అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మిగతా పేరేది డాడీ?” అంది. ఇంకో గ్లాసు మీదుందన్నాను. “ఆ గ్లాసెక్కడుంది?” అంది. దానికి జవాబు చెప్పబోతే రెండు చాయ్‌లు చల్లారిపోయాయి, అమ్మాయి మెట్రో ఎక్కే టైమూ దాటిపోయింది. అందుకే రాసి పెడుతున్నాను.

మాది స్టీలు సామాన్ల కొట్టు. కొత్త స్టీలుకొక వాసన ఉంటుంది, పాలిష్ మందూ పేపరు సిరా ఎండుగడ్డీ కలిసిన వాసన. నాయిన బట్టలకూ ఒంటికీ చివరిదాకా అదే వాసన. పొద్దున షటరెత్తి, గడప ముందు నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి, బోణీ అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. గిన్నె కొంటే దాని మీద పేరు చెక్కివ్వడం ఉచితం. కానీ ఉచితంలోనూ బేరముండేది. ఎవరైనా వచ్చి వెంకట లక్ష్మీ నర్సమ్మ అని రాయమంటే, “మూడు ముక్కలెందుకక్కా, ఇంట్ల అందరు నిన్నేమని పిలుస్తరు?” అని అడిగి, లచ్చమ్మ దగ్గర ఖాయం చేసేవాడు. ఇంట్లో కూడా అంతే. అన్నం గరిటెకు గరిటె బేరం, స్నానానికి చెంబుకు చెంబు బేరం. మా నానమ్మయితే దవాఖానలో డాక్టరుతోనే పెట్టుకునేది. ఆయన రోజుకు మూడు గోలీలు రాస్తే, “నీకు నాకు కాకుండ రెండు జెయ్యి బిడ్డా” అని ఒప్పించి, గెలిచిన ముఖంతో ఇంటికొచ్చేది. ఆ దగ్గు ఆమెకు ఏడాది పాటు తగ్గలేదు. డాక్టరు సగం ధరకే లొంగాడని మాత్రం మా ఇంట్లో ఏడాది పాటు చెప్పుకున్నాం.

నాకు నాయిన నేర్పిన విద్య మూడు ముక్కలు. మొదటి ధర వింటే నవ్వాలె. రెండో ధర వింటే లేవాలె. మూడో ధర వింటే కూసోవాలె. ఎల్బీ నగర్‌లో ఒక మిఠాయి దుకాణం పైఅంతస్తులో ఉన్న కాలేజీలో రెండేళ్లు ఎంబీయే చదివాను కానీ, అక్కడెవరూ దీనికి మించింది చెప్పలేదు.

చదువైపోయి, ఉద్యోగం రాక, కొట్లో కూర్చుని ఈగలు తోలుతున్న రోజుల్లో మధుకర్ గారు కుక్కర్ కొనడానికొచ్చారు. కొత్తపేటలో స్థిరపడ్డ కోస్తా కుటుంబం వాళ్లది. నగరం అవతలి కొసన అద్దాల మేడలో ఏదో సంస్థలో పెద్ద ఉద్యోగం. ఒక్క కుక్కర్ కోసం వచ్చిన మనిషి నా బేరానికి కుక్కర్, రెండు మూకుళ్లు, ఇడ్లీ పాత్ర తీసుకుని, పైగా నాలుగొందలు మిగుల్చుకున్నానన్న నమ్మకంతో లేచారు. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి, “మీలాంటి కుర్రాడే మాకు కావాలండీ” అన్నారు.

ఆ సంస్థ పేరు చాలా పొడుగు, ఇక్కడ రాయను. ఆయన చెప్పిన పని పేరు వెంచర్ ఫిలాంత్రపీ. నాయిన కుక్కర్ డబ్బాకు తాడు కడుతూ, గదేంది సార్ అని అడిగాడు.

“మామూలు దానంలో డబ్బిచ్చి వెళ్లిపోతారండి. మేమలా కాదు, కొత్త వ్యాపారంలో పెట్టుబడి పెట్టినట్టు పెడతాం. పేద పిల్లల కోసం పనిచేసే మంచి సంస్థని ఎంచుకుంటాం. రెండు మూడేళ్లు డబ్బుతోపాటు సలహా కూడా ఇస్తాం. ఫలితం కొలుస్తాం. అది నిలదొక్కుకున్నాక మేం బయటికొచ్చేస్తాం.”

“లాభం ఎవరికి సార్?”

“పిల్లలకండి.”

“మరి మీకు?”

“ఫలితం తెలుస్తుందండి.”

నాయిన ముడి బిగించి, పళ్లతో తాడు తెంపి, “అంటే పుణ్యానికి రసీదు అడుగుతరన్నట్టు” అన్నాడు. మధుకర్ గారు నొచ్చుకోలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. ఇప్పుడాలోచిస్తే ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. పిల్లల పేరు చెప్పి డబ్బు మింగేవాళ్లున్న లోకంలో కొలత అడగడం మంచిదే. తప్పల్లా ఆ కొలబద్ద తెచ్చి నా చేతిలో పెట్టడం.

ఆ ఉద్యోగంలో చేరగానే నాకప్పజెప్పిన మొదటి పని, సరళ టీచర్ బడికి నెలకెంత ఇవ్వాలో తేల్చడం. అప్పటికింకా కొత్తపేట పండ్ల మార్కెట్టు ఊరవతలికి పోలేదు. ఎండాకాలం మామిడి, మిగతా కాలమంతా బత్తాయి, ద్రాక్ష, అరటి. ఆ సందుల్లో నడిస్తే మాగిన పండు, కుళ్లిన పండు, తడిసిన గడ్డి, లారీ పొగ అన్నీ ఒకేసారి ముక్కులో దూరేవి. మార్కెట్టు వెనక ఒక రేకుల షెడ్డులో ఆమె సాయంత్రాలు హమాలీల పిల్లలకు చదువు చెప్పేది. పొద్దంతా ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం. ఇక్కడ తనకంటూ ఒక్క పైసా తీసుకోదు. నల్గొండ వైపు మనిషి, మాట పొదుపు. నేను పోయేసరికి ఒక కాగితం తయారుగా ఉంచింది. షెడ్డు కిరాయి, లెక్కల సార్ జీతం, చిన్నపిల్లల్ని చూసుకునే ఆమెకు, పల్లీలకు, పుస్తకాలకు, అన్నీ కలిపి నెలకు పన్నెండు వేలు.

నేను నవ్వాను.

ఆమె నవ్వలేదు. గోడవారన కూర్చుని రాసుకుంటున్న పదిహేనేళ్ల పిల్లను చూపించింది. “గా పిల్ల లత. వాళ్లమ్మ ఎల్లమ్మ ఈ మార్కెట్ల ద్రాక్ష ఏరుతది. ఈసారి పదో తరగతి రాస్తది. వాళ్ల స్కూల్ల లెక్కల టీచర్ లేడు. ఈడ గూడ లెక్కల సార్ లేకుంటె తప్పుతది. తప్పితే వాళ్లమ్మ ద్రాక్ష కాడ కూసోవెడ్తది. గంతే సార్.”

మేము కొట్లో సొట్టపడని వైపు తిప్పి గిన్నె చూపిస్తామే, ఇదీ అలాంటిదే అనుకున్నాను. మీర్‌పేటలో ఒక సంస్థ ఐదు వేలకే చేస్తానంటోందని చెప్పాను. అలాంటి సంస్థేదీ లేదు. చాయ్ వచ్చింది. సగం తాగి లేచాను. ఆమె ఆపలేదు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టడానికి ఎంత ఆలస్యం చెయ్యొచ్చో అంతా చేశాను. ఆఖరికి నేనే వెనక్కి తిరిగి, “ఆరు వేలు. అవునంటే ఇప్పుడే” అన్నాను. ఆమె కాగితం మడిచింది.

“సరే సార్. ఆరు వేలకు ఎంతొస్తదో గంత చేస్త.”

ఆ సాయంత్రం కొట్టుకెళ్లి నాయినకు మొత్తం నటించి చూపించాను. ఆయన వింటూ వింటూ చెక్కుతున్న గిన్నె పక్కన పెట్టాడు.

“ఆమె మెల్లమెల్లగ దిగిందా? పదకొండు, పది అన్నదా?”

“లేదు. నేరుగా ఆరుకే దిగింది.”

“దిగలేదుర అయ్యా. ఆమె ధర చెప్పలే, ఖర్చు చెప్పింది. పెంచుడు దించుడు తెల్వనోళ్లతోని బేరమాడుతర ఎవలన్న?”

నాకది అసూయలా వినిపించింది. మధుకర్ గారు మాత్రం ఫోన్లోనే అభినందించారు.

నెల తిరిగాక తనిఖీకి వెళ్లాను. షెడ్డు మధ్యలో గోనెసంచుల గోడ. అటు సగం ఎవరో బత్తాయిలు పోశారు, ఇటు సగంలో బడి. సగం కిరాయికి సగం షెడ్డు. పిల్లలు సగం మందే ఉన్నారు. మిగతావాళ్లు మానేశారా అని కంగారుపడ్డాను. “ఎవలను తీసేయమంటరు సార్? నాతోని గాలే. అందుకే రోజు తప్పించి రోజు పిలుస్తున్న. ఇయ్యాల అరటి బ్యాచ్, రేపు బత్తాయి బ్యాచ్” అంది. పల్లీలు మనిషికి పిడికెడు పోయి అరపిడికెడు. ఎక్కాలు మొత్తం చెప్పడానికి టైము చాలక, బేసి ఎక్కాలు అరటి బ్యాచ్‌కు, సరి ఎక్కాలు బత్తాయి బ్యాచ్‌కు పంచింది. మిగతావి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి. ఇందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. మీటరు గుడ్డకు డబ్బిస్తే మీటరే కొలిచిచ్చే మనిషిలా చేసింది. లెక్కల సార్ గురించి అడగకుండా తనిఖీ ఫారం తీశాను. ఆమే చెప్పింది. “మీరు కోసిన ఆరు వేలల్ల ఆయన జీతముండె.”

అప్పుడే పోయి తప్పైందని ఒప్పుకుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఫారం నింపాలి. ఫారంలో పిల్లల సంఖ్య అడిగారు. రెండు బ్యాచ్‌లూ కలిపితే మునుపటి సంఖ్యే. ఖర్చు సగం. ఒక్కో పిల్లకు అయ్యే ఖర్చు సగానికి పడిపోయింది! ఆ గడిలో అంకె వేస్తుంటే నాకే ఒళ్లు పులకరించింది. పది రోజుల్లో సంస్థవాళ్లు నలుగురు ఆ అద్భుతాన్ని చూడడానికొస్తామన్నారు.

వాళ్ల కానుకగా పిల్లలకు నలభై స్టీలు గ్లాసులు మా కొట్లోనే కొన్నారు. సంస్థ పేరు చెక్కాలన్నారు. నాయిన ఎంత బతిమాలినా పొట్టి పేరుకు ఒప్పుకోలేదు, రిజిస్టరైన పేరు రిజిస్టరైనట్టే ఉండాలట. గ్లాసు చుట్టూ తిప్పినా పట్టలేదు. చివరికి నాయిన సగం పేరు ఒక గ్లాసు మీద, సగం ఇంకోదాని మీద చెక్కి, “జతలు జతలుగ ఇయ్యుండ్రి” అన్నాడు. సరళ టీచర్ వాటిని అరటి బ్యాచ్‌కు ఇరవై, బత్తాయి బ్యాచ్‌కు ఇరవై పంచింది. మొదటి సగాలన్నీ ఒక బ్యాచ్‌కు, రెండో సగాలన్నీ ఇంకో బ్యాచ్‌కు పోయాయి. రెండు బ్యాచ్‌లూ ఒకే రోజు రావు కాబట్టి ఆ బడిలో సంస్థ పూర్తి పేరు ఎవరూ ఎప్పుడూ చదవలేదు. ఒకటి మాత్రం నాయిన చెయ్యి కుదుర్చుకోవడానికి చెక్కి చూసింది. అటక మీద దొరికింది అదే.

సందర్శకుల్లో ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని ఒక బత్తాయి పిల్లను, “ఏడెనిమిదులు ఎంతమ్మా?” అని అడిగాడు.

“ఏడో ఎక్కం అరటోళ్లది సార్” అంది ఆ పిల్ల. ఆయన మొహం చూసి జాలిపడి, “ఎనిమిదేడులు అడుగుండ్రి, చెప్త” అంది.

“సరే, ఎనిమిదేడులు?”

“యాభై ఆరు.”

నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన లేచి, కళ్లు మెరుస్తుండగా మధుకర్ గారి వైపు తిరిగి, పిల్లలు జ్ఞానాన్ని పంచుకుని ప్రత్యేకత సాధిస్తున్నారని అన్నాడు. అందరూ రాసుకున్నారు. కారెక్కే ముందు మధుకర్ గారు నన్ను పక్కకు తీసుకెళ్లి, “శేఖర్ గారూ, సగానికే ఇంత ఫలితం వస్తోందంటే, పావుకి తగ్గిస్తే ఎలా ఉంటుందంటారు?” అన్నారు. ఆయన వేళాకోళమాడటం లేదు. వెనకే ఉన్న సరళ టీచర్ అంతే శ్రద్ధగా జవాబు చెప్పింది. “పావుకైతే పిల్లలు నాలుగు రోజులకొకసారి వస్తరు సార్. గంతకన్న తగ్గితే నేనొక్కదాన్నే వచ్చి తాళం తీసి పోత.”

ఇదంతా జరుగుతున్నంతసేపూ లత గోడవారన లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. రెండు బ్యాచ్‌ల రోజుల్లోనూ వచ్చేది ఆమె ఒక్కతే. వాళ్ల కారు కదలగానే నన్ను నిలేసినట్టు అడిగింది. “సార్, మా లెక్కల సార్ ఎప్పుడొస్తడు?” నేను పిరికివాణ్ని. ఆయన్ను కోసింది నేనేనని చెప్పలేక, నేనే చెప్తానన్నాను.

చలికాలమంతా చెప్పాను. సాయంత్రం కొట్టు నుంచి గ్లాసులు, గిన్నెలు సంచిలో వేసుకుని పోయేవాణ్ని. లాభం, నష్టం, శాతం, తరుగు, నా ప్రాణమంతా పెట్టి చెప్పాను. లత వాటిని నాకంటే వేగంగా చేసేది. బీజగణితంలో కొంత దూరం గ్లాసుల సాయంతో పాకాం. రేఖాగణితం వచ్చేసరికి దుకాణంలో దానికి పనికొచ్చే సరుకే లేదు. నేనూ ఆ పిల్లా పుస్తకంలోని త్రిభుజం వైపు, కొత్త చుట్టం వైపు చూసినట్టు, మర్యాదగా చూస్తూ కూర్చునేవాళ్లం. కోసిన ఆరు వేలూ ఇచ్చి లెక్కల సార్‌ను వెనక్కి పిలిపించండి అని ఒక్క మాట మధుకర్ గారికి చెప్తే సరిపోయేది. చెప్పలేదు. ఆ చలికాలంలోనే నాకు ఖర్చు తగ్గించినందుకు పది వేలు బహుమతి ప్రకటించారు.

ఫలితాలొచ్చాయి. లత మిగతావన్నీ పాసైంది, లెక్కల్లో మాత్రం ముప్పై ఒకటి. నాలుగు మార్కులు తక్కువ. వెంటనే రాసిన సప్లిమెంటరీలోనూ తప్పింది. వాళ్ల ఇంటికి పోవడానికి ధైర్యం చాలక కొట్లో దాక్కుంటే, తనే వచ్చింది. ఏడవలేదు. “పరీక్షల ఒక్క గ్లాసు గూడ లేకుండె సార్” అంది. నాయిన విన్నాడు. లతకు స్టూలు వేసి, మిర్చిబజ్జీలు తెప్పించాడు.

మర్నాడు నేనూ సరళ టీచరూ ఎల్లమ్మ దగ్గరికెళ్లాం. ద్రాక్ష గుట్ట ముందు కూర్చుని, చెయ్యి ఆపకుండా, పుచ్చువి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు వేస్తోంది. లతను ఇంకో ఏడాది చదవనివ్వమని అడిగాం.

“ఒక ఏడు సదివిస్తిరి, ఫేలాయె. ఇంకో ఏడు కూసోవెడితె దాని కూలి నష్టం ఎవలు గడ్తరు?”

“నేను కడతా” అన్నాను. “ఎంత?”

ఆమె మొదటిసారి చెయ్యి ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఏడాదికి ఎనిమిది వేలు.”

నవ్వాలని నా ముఖం దానంతటదే కదిలింది. బలవంతాన ఆపుకుని సరే అన్నాను.

ఎల్లమ్మ ముఖం మాడిపోయింది. “సరే ఏంది? బేరమాడవా?”

“ఆడను.”

“ఎందుకాడవు? నేను తక్కువ జెప్పిన్నా?” పక్కన ద్రాక్ష ఏరుతున్న వాళ్లను పిలిచింది. “ఏమే, ఈ సారు ఎనిమిదంటె ఒక్కమాట అనకుంట ఒప్పుకున్నడు! ఏందో ఉన్నది ఇందుల.” వెంటనే తొమ్మిదంది. నేను సరే అన్నాను. ఆమెకు ఇంకా భయమేసి పది అంది. సరే అన్నాను. సరళ టీచర్ నా చొక్కా పట్టి లాగి, “సార్, ఒక్కసారన్న కాదనుండ్రి, లేకుంటె ఆమె ఆగది” అని చెవిలో చెప్పింది. పదకొండన్నప్పుడు లేచి నిలబడి, కుదరదు అన్నాను. ఎల్లమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుని, “గట్లను మరి! పదకొండు. ఇగ ఒక్క పైస తగ్గ” అని తృప్తిగా ద్రాక్షలోకి చెయ్యి పెట్టింది.

బేరమైన పది నెలలకే సంస్థ ఈ బడి నిలదొక్కుకుందని తేల్చి బయటికెళ్లిపోయింది. నాయిన ఎవరికీ చెప్పకుండా లెక్కల సార్ ఇంటికెళ్లాడు. నాలుగు వేలు జీతమన్న ఆయన్ను మూడున్నరకు, పైన రెండు స్టీలు డబ్బాలకు ఒప్పించాడు. అదేంటని అడిగితే, “ఆయన పెంచి చెప్పిండుర, నాకు తెలుస్తది” అన్నాడు. మిగతా ఖర్చు మా బజారు కొట్లవాళ్లు తలా ఇంత వేసుకున్నారు. బత్తాయిల గుట్ట లేచిపోయింది. మరుసటి వేసవికి లత పాసైంది.

ఇప్పుడు ఆ మార్కెట్టు లేదు. మా బజారు నెత్తిన మెట్రో పోతోంది. ఇవాళ నిధులిచ్చేవాళ్లు చాలా తెలివైనవాళ్లు. మొన్నొక అమ్మాయి కొట్టుకొచ్చి, వాళ్లు సంస్థలను అడిగే మొదటి ప్రశ్న, నిజంగా ఎంత ఖర్చవుతుందో దాచకుండా చెప్పండి అన్నదేనని చెప్పింది. ఆ ఒక్క ప్రశ్న దగ్గరికి రావడానికి మేమెంత చుట్టు తిరగాల్సొచ్చిందో ఆమెకు చెప్పలేదు. గ్లాసు దొరికిన రోజు లతకు ఫోన్ చేశాను. సర్కారు దవాఖానలో నర్సు తను. తనతో పది రాసి నర్సులైనవాళ్లు కొందరు ఈ మధ్యే హెడ్ నర్సులయ్యారట. “సీనియారిటీ లిస్టుల నా పేరు కింద ఉన్నది సార్. వాళ్లు నాకన్న ఒక ఏడు ముందొచ్చిన్రు గదా” అంది. నా మీద నెపం పెట్టి అనలేదు. డ్యూటీ గురించి చెప్పినట్టే చెప్పింది.

ఇక లెక్క. బేరమాడి సంస్థకు నేను మిగిల్చింది, నెలకు ఆరు వేల చొప్పున పది నెలలకు అరవై వేలు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఎలా అన్న విషయం మీద, నన్ను వేదికెక్కించి, ఆ సంస్థ హోటల్లో పెట్టిన సభకు ఖర్చు, భోజనాలతో డెబ్బై రెండు వేలు. నాకొచ్చిన బహుమతి పది వేలు, ఎల్లమ్మకు ఇచ్చింది పదకొండు వేలు, నా చేతి నష్టం వెయ్యి. లతకు పోయింది ఒక సంవత్సరం. ఆమె రిటైరయ్యే రోజు దాకా సర్వీసులో అది తక్కువగానే కనిపిస్తుంది. ఈ పద్దు నా పేరు మీద రాశాను. దీంట్లో ఏమీ తగ్గించమని అడగడం లేదు.